చివరి అరలో నాలుగు వరుసలు

ప్రెస్సు వెనక వీధి, పై వాటా
జూన్ 6

వదినకి,

జవాబు ఆలస్యమైందని ఈపాటికి మూతి ముడుచుకుని ఉంటావు. కాస్త నా మాట విను. మా పత్రికాఫీసు కింది అంతస్తులో కంపోజింగ్ హాలు ఖాళీ చేస్తున్నారు. కంప్యూటర్లు వచ్చాక దానికి తాళం పడి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఆ చోటు ఎవరికో గిడ్డంగికి కావాలట. ఉన్న సీసం అచ్చులన్నీ కరిగించడానికి ఇచ్చేస్తారు. లోపల ఏమేం ఉన్నాయో చూసి రాయమని నన్నూ, ఎప్పుడో రిటైరైన ఫోర్‌మన్ గారినీ పంపారు. ఆయనకిప్పుడు ఎనభై. మేం వెనకాల 'సీసం తాత' అనేవాళ్లం, నీకు చెప్పాను గుర్తుందా. అప్పటికి ఆయనకి యాభయ్యే, అయినా తాతే.

తలుపు తీసేసరికి పొద్దుటి ఎండ పై కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. అందులో దుమ్ము మెల్లగా తిరుగుతోంది. ఎక్కడా చప్పుడు లేదు. ఒకప్పుడు అక్కడ ముప్పైమంది నిలబడి అచ్చులు పేరుస్తుంటే వాన పడుతున్నట్టుండేది. ఇప్పుడు ఆ గడుల్లో అక్షరాలు ఎవరూ లేపకుండా పడుకుని ఉన్నాయి. చాలాసేపు నేను అక్కడ ఎందుకున్నానో మర్చిపోయాను.

మా రోజుల్లో 'హోల్డ్' అని ఒక మాట ఉండేది వదినా. ఇప్పుడు ఫోన్లో 'హోల్డ్ చెయ్యండి' అని పాట పెట్టి వెళ్లిపోతారే, ఆ మాటే. వార్త రాసి, అచ్చులు కూడా పేర్చేశాక ఏదైనా అనుమానం వస్తే, ఎర్ర పెన్సిలుతో చీటీ మీద 'హోల్డ్' అని రాసి, కింద పొడి సంతకం పెట్టి, పురికొసతో గ్యాలీకి కట్టేవాళ్లం. గ్యాలీ అంటే పేర్చిన అచ్చులుంచే ఇనప పళ్లెంలే. ఆ చీటీ ఉన్నంతకాలం వార్తని అచ్చు వేయకూడదు, అచ్చులు విడగొట్టనూ కూడదు. 'రిలీజ్' అంటే పేపర్లోకి వెళ్తుంది. 'కిల్' అంటే ఏ అక్షరం ఆ గడిలోకి పోతుంది. ఆ మాట చీటీ రాసిన మనిషే అనాలి. సాక్షాత్తూ ఎడిటర్ దిగివచ్చినా సీసం తాత పళ్లెం ముట్టుకోనిచ్చేవారు కాదు. "రాసిన చెయ్యే రావాలండీ," అనేవారు.

ఆయన పట్టుదలలు నీకు తెలియవు. ఒకసారి పోయినవాళ్ల వార్తల్లో బతికున్న మనిషి పేరు పడింది. మర్నాడు ఆయన చేతికర్ర పట్టుకుని ఆఫీసుకే వచ్చాడు. "పోయానని రాశారు, సరే. మా పాలవాడు పాలు ఆపేశాడు, దానికెవరు పూచీ?" అన్నాడు. టీ ఇచ్చి, రెండోది కూడా ఇచ్చి పంపాం. అప్పట్నుంచీ తాత, చావువార్త ఏదైనా సరే, ప్రూఫు ఒకటి తీసి ఆ ఇంటికి పంపి, పేరూ వయసూ సరిచూడమనేవారు.

చివరి అరలో ఒక గ్యాలీకి ఇంకా హోల్డ్ చీటీ వేలాడుతోంది. నాలుగే వరుసలు. ఎవరిదమ్మా అని తాత అడిగారు. గుర్తులేదన్నాను.

ఈ ఏటి చొక్కా గుడ్డ పార్సిల్లో పంపాను. లేత నీలం, సన్న గళ్లు. అన్నయ్యకి నప్పుతుంది. కాజాలక్క ఉత్తరం రాసింది, నువ్వు ఇల్లు ఖాళీ చేయనని మొండికేశావట. ఏమిటి సంగతి?

నీ మరదలు


రేవు మలుపు, పెంకుటిల్లు
జూన్ 19

మరదలు పిల్లకి,

యాభై ఎనిమిదేళ్లొచ్చాక పిల్లేమిటంటావేమో. నా కళ్లకి నువ్వింకా జడలో పెన్సిలు గుచ్చుకుని తిరిగే పిల్లవే.

గుడ్డ అందింది. నిన్ననే కత్తిరించాను. చాతీ ముప్పై ఎనిమిది, చెయ్యి ఇరవై నాలుగు. టేపు తీయాల్సిన పని కూడా లేదు, నా కత్తెరకే నోటికి వచ్చు. దీంతో పెట్టెలో ఇరవై తొమ్మిదో చొక్కా. నువ్వు ఏడాది తప్పకుండా గుడ్డ పంపడం, నేను కుట్టి మడిచి పెట్టడం. బయటివాళ్లు చూస్తే ఇద్దరికీ పిచ్చి అంటారు.

ఇంటి సంగతి కాజాలక్క నీదాకా మోసిందన్నమాట. దాని నోట్లో నువ్వుగింజ నానదు. కొట్లో కాజాలు కుట్టమంటే ఊళ్లో కబుర్లు కుడుతుంది. ఇంటాయన ఇది పడగొట్టి మేడ కట్టుకుంటాడట, అక్టోబరు దాకా గడువిచ్చాడు. కాజాలక్క తన మేడమీద గది ఇస్తానంటోంది. రేవు కనిపిస్తుంది, గాలి బాగా వస్తుంది, అన్నీ నిజమే. నేను వెళ్లను. మీ అన్నయ్య లాంచీ మెకానిక్కుగా వెళ్లిన రోజు ఈ గడపే దాటి వెళ్లారు. వస్తే ఎక్కడికి వస్తారంటే నువ్వేం చెప్తావు?

ఈమధ్య ఒకటే కల. లాంచీ నీళ్లలోంచి కాకుండా మా వీధిలోంచే వస్తుంది. ఇంజను చప్పుడుకి గిన్నెలు కదులుతాయి. మీ అన్నయ్య నూనె చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడి ఉంటారు. దిగమంటే, "ఇంకా చెప్పలేదుగా," అంటారు. ఎవరు చెప్పాలో చెప్పరు. లాంచీ అలాగే వీధి చివరిదాకా పోతుంది. లేచాక కూడా చాలాసేపు చెవిలో ఇంజను వినిపిస్తుంది. భయం వేయదు, బాగానే ఉంటుంది.

ఒకటి అడుగుతాను. చీటీ రాసినవాళ్లు ఎదురుగా నిలబడి గుర్తులేదంటే మీ తాత ఏం చేస్తాడు?

వదిన


ప్రెస్సు వెనక వీధి, పై వాటా
జూలై 11

వదినకి,

ఏం చేస్తాడంటే, స్టూలు తెచ్చి వేస్తాడు. "గుర్తొచ్చేదాకా కూర్చుందాం అమ్మాయీ, నాకేం తొందర," అంటాడు. అలా మూడు వారాలుగా పొద్దున్నే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటున్నాం. ఆయన అచ్చులు బ్రష్షుతో తుడుస్తారు. నేను ఏ గడిలో ఏమున్నాయో కాగితం మీద రాస్తాను. చివరి అరవైపు ఇద్దరం చూడం. మిగతా అరలన్నీ ఖాళీ అయ్యాయి.

వదినా, ఆ ఇల్లు వదిలెయ్. పెంకులు జారిపోతున్నాయట, వెనక గోడ ఉబ్బిందట. ఈ వానలకి ఏమవుతుందో. నీకేమైనా అయితే నాకెవరున్నారు? కాజాలక్క మేడ మంచిదే. అన్నయ్య వస్తే మాత్రం ఏముంది, రేవులో లాంచీ వాళ్లకి చెప్పి ఉంచొచ్చు కదా, ఫలానా మేడమీద ఉందని.

నాకూ కలలు వస్తున్నాయి. ఆ హాలు నిండా నీళ్లుంటాయి. అక్షరాలు సీసంవి కదా, మునిగిపోవాలి, కానీ తేలుతుంటాయి. నేను చేత్తో దగ్గరికి లాగి చదవబోతాను. అచ్చు అక్షరాలు అద్దంలోలా తిరగేసి ఉంటాయి కదా, చదవడం వచ్చిన దాన్నే అయినా ఒక్కటీ రాదు. పక్కనుంచి తాత, "తెలిసే చదవట్లేదు," అంటారు.

చొక్కాకి బొత్తాలు తెల్లవి వేశావా, నీలివా?

నీ మరదలు


రేవు మలుపు, పెంకుటిల్లు
ఆగస్టు 30

మరదలా,

వెనక గోడ కూలింది. కంగారుపడకు, అప్పుడు నేను కొట్లో ఉన్నాను. వంటింట్లోంచి ఇప్పుడు నేరుగా ఏరు కనిపిస్తోంది. ఇటుకల మీద కూర్చుని టీ తాగాను. వాన ఆగి తెల్లటి ఎండ వచ్చింది. నీళ్ల మీద పొగమంచు ఇంట్లోకి వచ్చి మంచం చుట్టూ తిరిగింది. అంత నిమ్మళంగా ఎప్పుడూ ఉండలేదు.

కాజాలక్క వచ్చి నెత్తీ నోరూ బాదుకుంది. ఇంటాయన వచ్చి దణ్ణం పెట్టాడు. ఆయన తప్పేం లేదు, మంచివాడే.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇల్లు వదలమంటావు, అదే వాక్యం తర్వాత అన్నయ్య వస్తే అంటావు. రెండు పడవల మీద కాళ్లు పెట్టింది చాలు. ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, నీ ప్రతి ఉత్తరంలో ఆ మాట ఉంటుంది. ఉత్తరం ముగించే ముందు తాళం వేసినట్టు వేస్తావు.

మరి నేనొక మాట చెప్తాను. కదలమని నువ్వు నాకు సరైన కారణం చెప్పు, మర్నాడే మూట కట్టుకుంటాను. చెప్పకపోతే మిగతా మూడు గోడలూ ఉన్నాయి, అవి పడేదాకా ఇక్కడే ఉంటాను. బెదిరిస్తున్నాననుకున్నా సరే.

బొత్తాలు తెల్లవే. నీలి దారంతో కుట్టాను. ఎప్పుడూ అలాగే కుడతానని నీకు తెలుసుగా.

వదిన


కంపోజింగ్ హాలు
సెప్టెంబరు 8

వదినా,

ఈ ఉత్తరం ఇంట్లో రాయలేకపోయాను. ఇక్కడ, తాత ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. ఆయన అటు తిరిగి కూర్చున్నారు.

చివరి అరలో గ్యాలీ నాది. చీటీ నాది. నాలుగు వరుసలూ అన్నయ్యవి.

లాంచీ మునిగినప్పుడు ఐదుగురిలో నలుగురు మూడు రోజుల్లోనే దొరికారు. నువ్వప్పుడు ఆసుపత్రిలో విషజ్వరంతో ఒళ్లు తెలియకుండా ఉన్నావు. తొమ్మిదోరోజు మధ్యాహ్నం దిగువ రేవు నుంచి ఆఫీసుకి తంతి వచ్చింది. నేనే విప్పాను. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్లాను. ముఖం చూసి చెప్పడానికేం లేదు వదినా. చొక్కా చూశాను. తెల్ల బొత్తాలు, నీలి దారం. జేబుకి నువ్వు వేసే రెండు వరుసల కుట్టు. ఇంకెవరు కుడతారు అలా? సంతకం చేశాను. ఆగడానికి వీల్లేదన్నారు. ఆ ఒడ్డునే, తుమ్మచెట్ల పక్కన, అంతా అయిపోయింది. నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆఫీసుకి తిరిగొచ్చి వార్త నేనే రాశాను. వేరేవాళ్లు రాస్తే తప్పులు రాస్తారని. తాత అచ్చులు పేర్చారు. అప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరు, జ్వరం తగ్గింది కానీ గుండె బలహీనంగా ఉంది, వారం రోజులు ఏ చెడ్డ కబురూ చెవిన పడకూడదన్నాడు. మన వీధంతా మా పేపరే చదువుతుంది. అందుకని ఎర్ర పెన్సిలు తీసి హోల్డ్ అని రాశాను. వారం రోజులకే. నా మీద ఒట్టు, వారానికే అనుకున్నాను.

వారం తర్వాత ఇంటికొచ్చావు. లాంచీ మునిగిందనీ, అన్నయ్య జాడ తెలియలేదనీ వీధిలో అప్పటికే ఎవరో నీ చెవిన వేశారు. నేను జావ కాచి తెచ్చాను. "పేపర్లో పడలేదుగా," అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని నువ్వు బతుకుతున్నావనిపించింది. అన్నయ్య వస్తాడన్నాను. రేపు చెప్దామనుకున్నాను. మర్నాడు లేచి మిషను ముందు కూర్చున్నావు, కాస్త నవ్వావు కూడా. ఎల్లుండి చెప్దామనుకున్నాను. అలా అలా ఒక ఏడు తిరిగింది. అన్నయ్య పుట్టినరోజు వచ్చింది. నువ్వు ఊరికే గుడ్డల కొట్టు ముందు ఆగావు. నేను చొక్కా గుడ్డ కొన్నాను. ఆ తర్వాత ఇక వెనక్కి దారి లేదు. అబద్ధానికి ఏటా మూడు మీటర్లు కొని పంపాను.

నా వల్లే నీకు ముప్పై ఏళ్లు ఎదురుచూపయింది. కాజాలక్క తమ్ముడు ఆ రోజుల్లో నిన్ను అడిగాడని, కాదన్నావని తెలుసు. ఎందుకు కాదన్నావో కూడా తెలుసు. దాన్నీ నా ఖాతాలోనే వేసుకుంటాను. ఇప్పుడు కూలిన ఇంట్లో కూర్చున్నావు, అదీ నా వల్లే. సర్టిఫికెట్ నా పెట్టె అడుగున ఉంది. నువ్వు తిట్టు. మాట్లాడటం మానెయ్. కానీ ఆ ఇల్లు వదిలెయ్ వదినా. అన్నయ్య రాడు.

ఈ మాట రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.

నీ మరదలు అని రాసుకోవచ్చో లేదో తెలియదు


రేవు మలుపు, మూడు గోడల ఇల్లు
సెప్టెంబరు 17

మరదలు పిల్లకి,

అలాగే రాసుకో. రాసుకోక ఇంకేం రాసుకుంటావు.

దీంతోపాటు ఒక కాగితం పంపుతున్నాను. ముందు అది చూసి, కూర్చుని, తర్వాత ఇది చదువు.

చూశావా? మీ సీసం తాత పంపిన ప్రూఫు. చావువార్త ఏదైనా ఆ ఇంటికి ప్రూఫు పంపుతారని నువ్వే రాశావుగా జూన్‌లో. ఆ మాట రాస్తూ కూడా నీకు అనుమానం రాలేదు చూడు, నీ తెలివి అంతే. నువ్వే ఇంటిమనిషివి, నీకు తెలిస్తే చాలనుకున్నావు. ఆయన మాత్రం భార్య పేరున పోస్టులో వేశాడు. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తలుపు కింద కవరుంది. నాలుగు వరుసలు. అంచున ఆయన చేతిరాత: 'పేరు, వయసు సరిచూసి సంతకం చేయగలరు. వార్త హోల్డ్‌లో ఉంది. చెల్లెలుగారు పెట్టారు. తొందర లేదు.'

అది దిండు కింద పెట్టుకుని నీకోసం ఎదురుచూశాను. నువ్వు జావ గిన్నెతో వచ్చావు. నీ ముఖం చూడాలి ఆరోజు. రెండు వారాల్లో పదేళ్లు పెరిగావు. అడిగితే చెప్తావని, నీకు వీలుగా ఉంటుందని, "పేపర్లో పడలేదుగా," అన్నాను. తలుపు తీసి పెట్టానే నీకు. నువ్వు తల అడ్డంగా ఊపి, "ఇంకా ఏమీ తెలియలేదు వదినా, అన్నయ్య వస్తాడు," అన్నావు. అప్పుడు అనుకున్నాను, ఈ పిల్ల ఒప్పుకోలేకపోతోంది, ఈ మాట పట్టుకునే నిలబడింది, లాగేస్తే పడిపోతుంది అని. నీ నోటితో నువ్వు అనేదాకా ఆగుదామనుకున్నాను.

మొదటి ఏడాది నీ మీద కోపంతో ఉడికిపోయాను, అది కూడా చెప్తాను. ఏడవడానికి కూడా నీ అనుమతి కావాలా అనిపించేది. కొట్టు తలుపు వేసుకుని, మిషను చప్పుడు చేస్తూ ఏడ్చేదాన్ని. తర్వాత గుడ్డ కొనిచ్చావు. దాన్ని ఒళ్లో పెట్టుకుని చూస్తే కోపం ఎటు పోయిందో. ఇది ఇంకా నమ్ముతోంది అనుకున్నాను. కుట్టి పెట్టకపోతే నీ మనసు చివుక్కుమంటుందని కుట్టాను. ఇరవై తొమ్మిది చొక్కాలు నీకోసం కుట్టానే, ఆయనకోసం కాదు.

ఇల్లూ అంతే. నేను ఇల్లు మారితే నువ్వు కవరు మీద చిరునామా మార్చి రాయాలి. అలా రాసిన రోజు అన్నయ్య రాడని నీకు తెలిసిపోతుందని భయపడ్డాను. నేనూ నీ దారినే పోయాను చూడు. ఇద్దరం తెలివైనవాళ్లమే, ఇద్దరం కలిసి ఒకటే తెలివితక్కువ పని చేశాం.

కాజాలక్క తమ్ముడి సంగతి వదిలెయ్. అతను పళ్లు నూరుతూ నిద్రపోతాడట, వాళ్లక్కే చెప్పింది.

ఒక్కటి మాత్రం నీ దగ్గర నేను వసూలు చేసుకోవాలి. ఆ ఒడ్డు నువ్వొక్కదానివే చూశావు. తుమ్మచెట్లని రాశావు, నాకు అది కూడా తెలియదు. ప్రూఫులో ఒడ్డు లేదు. నన్ను అక్కడికి తీసుకెళ్లాలి.

ప్రూఫు సరిచూశాను. పేరు సరే. వయసు ముప్పై నాలుగని వేశారు. చనిపోయే ముందు వారమే ముప్పై ఐదు నిండాయి. నేను మంచంలో ఉండి ఏమీ చేయలేదు కదా, నువ్వు మర్చిపోయినట్టున్నావు. దిద్ది సంతకం పెట్టాను. మీ తాతకి ఆలస్యమైందని చెప్పు. ఆయన తొందర లేదన్నాడుగా.

రేపు మూట కడుతున్నాను. చొక్కాలు లాంచీ షెడ్డులో కుర్రాళ్ల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా పంచేస్తాను. మీ తాతకి ఒకటి తీసి పార్సిల్లో పంపుతున్నాను.

వదిన


ప్రెస్సు వెనక వీధి, పై వాటా
అక్టోబరు 2

వదినా,

ప్రూఫు తాత చేతిలో పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని నీ సంతకం చూశారు. "సంతకం లేకుండా నేనెలా అచ్చు వేస్తానమ్మా," అన్నారు. అంటే ఆయనకి అన్నీ తెలుసు. నువ్వు తిరిగి పంపలేదనీ తెలుసు, గ్యాలీ నాదనీ తెలుసు. రెండువైపులా ఎదురుచూస్తూ కూర్చున్నారు. నాకు కోపం రావాలి, రాలేదు.

చీటీ నేనే విప్పాను. పురికొస ముట్టుకోగానే పొడిపొడి అయింది. 'రిలీజ్' అని పైకి చెప్పమన్నారు, చెప్పాను. ఆయన నాలుగు తీసి ఐదు పెట్టారు. పాత చేతి యంత్రం మీద రెండంటే రెండే కాపీలు తీశాం. సిరా ఇంకా పచ్చిగా ఉండగా ఎండలో పట్టుకుని చదివాను. ఈసారి అన్ని అక్షరాలూ వచ్చాయి. చదివి ఏడ్చాను, చాలాసేపు. తాత ఆపలేదు. తర్వాత అచ్చులు విడగొట్టి సీసం సంచీలో వేశాం.

నువ్వు పంపిన చొక్కా తాతకి భుజాల దగ్గర జారింది. అయినా విప్పలేదు, అలాగే ఇంటికి వెళ్లారు. వెనకనుంచి చూస్తూ గుమ్మంలో నిలబడ్డాను.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తాను. ఒక కాపీ నీకు. ఆదివారం ఇద్దరం లాంచీ ఎక్కి దిగువ రేవుకి వెళ్దాం. చెట్లు ఉన్నాయో కొట్టేశారో తెలియదు, ఒడ్డు మాత్రం నాకు తెలుసు.

కవరు మీద చిరునామా చూసే ఉంటావు. 'కాజాలక్క మేడ, పైగది' అని రాయడానికి మూడు కవర్లు పాడుచేశాను. నాలుగోది బాగానే వచ్చింది.

ఈ ఏడు నుంచి గుడ్డ చొక్కాకి కాదు. ఆ గది కిటికీ పొడవు, వెడల్పు కొలిచి ఉంచు, వచ్చాక తెరలకి కొంటాను.

నీ మరదలు